ప్రారంభోత్సవం అయ్యాక ఏమైందండీ?

చదువుల బీట్‌లో చాలాకాలం రిపోర్టర్‌గా తిరిగి, కాలేజీల్లోకి కంప్యూటర్లు, ఆన్‌లైన్ పరీక్షలు, యాప్‌లు వచ్చిన తీరు దగ్గరుండి చూసిన మా సీనియర్ పాత్రికేయురాలు ఈ నెల పాఠకుల ఉత్తరాలకు జవాబులు చెబుతున్నారు.

అక్కా, నేను బీటెక్ కంప్యూటర్ సైన్స్ చదివాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద మనసు పోవడం లేదు. కాలేజీల్లో, యూనివర్సిటీల్లో వస్తున్న టెక్నాలజీ గురించి రాసే జర్నలిస్టునవ్వాలని ఉంది. తెలుగులో అలాంటి ఉద్యోగం ఉందా? "పేపర్లో ఏముందిరా" అని నాన్న రోజూ సాధిస్తున్నారు.
– ఒక పాఠకుడు, నరసరావుపేట

ఆ పేరుతో ఉద్యోగం లేదు తమ్ముడూ. ఏ తెలుగు పత్రికాఫీసులోనూ దానికి విడిగా కుర్చీ వెయ్యలేదు. ఉన్నది ఎడ్యుకేషన్ బీట్. టీచర్ల బదిలీలు, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు, హాస్టల్ అన్నంలో పురుగులు, వీసీల నియామకాలు, విద్యార్థి సంఘాల ధర్నాలు, అన్నీ ఒక్కరి నెత్తినే. నువ్వు రాయాలనుకున్నది వీటి మధ్య మిగిలిన టైములో రాసుకోవాలి. నేను అలాగే రాశాను.

నేనసలు డెస్క్‌లో సబ్‌ఎడిటర్‌ని. ఎంసెట్ ఫలితాలంటే మాకు జాతర. హాల్‌టికెట్ నంబర్లు పేజీలకు పేజీలు అచ్చేసేవాళ్ళం. తండ్రులు కళ్ళజోడు తుడుచుకుని, వేలు పెట్టి ఒక్కో వరుసా వెతుక్కునేవారు. తర్వాత ఫలితాలు ఇంటర్నెట్‌కెక్కాయి. జనం పేపరు వదిలేసి నెట్ సెంటర్ల ముందు నిలబడ్డారు. అలాంటి ఒక ఫలితాల రోజున సైటు పడిపోయింది. "ఎందుకు పడిపోయిందో కనుక్కోండయ్యా" అని డెస్క్ ఇన్‌చార్జి అరిచాడు. ఎవర్ని అడగాలో మాలో ఒక్కరికీ తెలీదు. పరీక్షలు నడిపే ఆఫీసుకు ఫోన్ చేస్తే "సర్వర్ డౌన్" అన్నారు. ఆ సర్వర్ ఎవరిది, ఎక్కడుంది, చూసుకునే కంపెనీ ఏది, వాళ్ళకి ఏడాదికి ఎంత ఇస్తున్నారు అని వరసగా అడిగాను. అవతలి మనిషి ఫోన్ పెట్టేశాడు. అంత కోపం ఎందుకొచ్చిందో తెలుసుకోవాలనిపించింది. అదీ నేను రిపోర్టింగ్‌లోకి మారిన కథ.

నీ బీటెక్ ఎందుకు పనికొస్తుందంటే, "సర్వర్ డౌన్" అని నిన్ను పంపించెయ్యలేరు. లోడ్ ఎంతొస్తుందని అంచనా వేశారు, టెస్టు ఎప్పుడు చేశారు అని అడగ్గలవు. ఇక డబ్బు సంగతి నేర్చుకో. టెండరు ఎలా వేస్తారు, నిర్వహణ ఒప్పందం ఎన్నేళ్ళు, పెనాల్టీ షరతు ఉందా లేదా? ఈ-ప్రొక్యూర్‌మెంట్ సైటులో టెండరు కాగితం చదవడం వస్తే సగం విద్య వచ్చినట్టే.

జీతం గురించి మీ నాన్నగారు అబద్ధం చెప్పడం లేదు. మండలాల్లో చాలామంది విలేకరులకు ఇప్పటికీ లైన్ అకౌంటే, అచ్చయిన దాన్ని కొలిచి ఇస్తారు. పత్రికలు నడిపే జర్నలిజం స్కూళ్ళలో స్టయిపెండ్ ఇచ్చి నేర్పిస్తారు, ముందు అక్కడ ప్రయత్నించు. తెలుగులో రాసినదాన్ని ఇంగ్లిష్‌లో కూడా రాయగలిగితే బయటి సంస్థలు తీసుకుంటాయి. రెండు చేతులా రాయి.

మేడమ్, టెక్నాలజీ గురించి ఇన్నేళ్ళు రాశారు కదా, మీకు కోడింగ్ వచ్చా?
– డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని, ఖమ్మం

రాదమ్మా. ఎక్సెల్ వచ్చు. రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి, రెండింట్లోనూ ఉన్న పేర్లు బయటికి లాగడం వచ్చు. చులకనగా చూడకు. 2024లో తమిళనాడులో అరప్పోర్ ఇయక్కం అనే సంస్థ చేసింది దాదాపు ఇదే. అన్నా యూనివర్సిటీ అనుబంధ ఇంజనీరింగ్ కాలేజీలు చూపించిన అధ్యాపకుల జాబితాలు పోల్చి చూస్తే, ఒకే మనిషి ఒకేసారి పలు కాలేజీల్లో ఫుల్‌టైమ్ పాఠాలు చెబుతున్నట్టు తేలింది. మన రాష్ట్రాల్లో ఇలాంటివి లేవని నేననను. వెతికే ఓపికున్నవాళ్ళు తక్కువ.

మీరు రాసినవాటిలో మీకు బాగా తృప్తినిచ్చిన వార్త ఏది?
– రిటైర్డ్ లైబ్రేరియన్, రాజమహేంద్రవరం

బల్బు కథ. నవ్వకండి.

ఒక జిల్లా కేంద్రంలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. అక్కడ వర్చువల్ క్లాస్‌రూమ్ ప్రారంభానికి పెద్దలొచ్చి రిబ్బన్ కత్తిరించారు. అందరం రాశాం, ఫొటోలు వేశాం. కొన్నేళ్ళ తర్వాత వేరే పనిమీద ఆ కాలేజీకి వెళ్ళి, ఆ గది ఒకసారి చూపించమన్నాను. తాళం వేసుంది. తాళంచెవి సూపరింటెండెంటు దగ్గరుంది. ఆయన సెలవు. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. తలుపు తీస్తే అంతా పెళ్ళివారింట్లోలా కొత్తగా ఉంది, కుర్చీలకు ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యలేదు. ప్రొజెక్టర్ స్విచ్ వేస్తే ఎర్ర లైటు మిణుకుమంది. బల్బు పోయింది. ఎప్పుడు పోయిందండీ అంటే, "మొదటి సంవత్సరమే" అన్నాడు అటెండరు.

మరి మార్చలేదేం? ఇక్కడ్నించి ఓపిగ్గా వినాలి. ప్రొజెక్టర్ కొన్నది ఒక పథకం డబ్బుతో. ఆ పథకంలో సామాను కొనడానికి పద్దు ఉంది, రిపేరుకు లేదు. ప్రొజెక్టర్‌కి వారంటీ మూడేళ్ళు, లోపలి బల్బుకి మాత్రం 90 రోజులు. కాలేజీ నిధిలోంచి తీద్దామంటే బల్బు ఖరీదు ప్రిన్సిపాల్ సంతకం పెట్టగలిగిన మొత్తాన్ని దాటింది. పైకి రాయాలి. పైవాళ్ళు మూడు కొటేషన్లు తెమ్మన్నారు. ఆ కంపెనీ బల్బు ఊరు మొత్తం మీద అమ్మేది ఒకే షాపు. మూడు కొటేషన్లు ఎక్కడ పుడతాయి? ఫైలు అక్కడే ఆగిపోయింది. ఈలోగా ఫిజిక్స్ మేడమ్ ఒకావిడ సొంత డబ్బుతో కేబుల్ కొని, స్టాఫ్ రూమ్ టీవీకి తన లాప్‌టాప్ తగిలించి పిల్లలకి పాఠం చెప్పేస్తోంది. ఆవిడ గురించి ఏ నివేదికలోనూ ఒక్క ముక్క లేదు.

మిగతా కాలేజీల సంగతేమిటని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. "ఎన్ని గదులు ఏర్పాటు చేశారు, ఎన్ని పనిచేస్తున్నాయి?" అని అడిగితే "అన్నియూ పనిచేయుచున్నవి" అని వచ్చింది. అది చదివి ఆ ఫిజిక్స్ మేడమ్ ఒక మాట చెప్పింది. పనిచేస్తున్నాయా అని అడక్కండి, బల్బులు మార్చిన బిల్లుల నకళ్ళు అడగండి అని. అడిగాను. చాలా కాలేజీల నుంచి బిల్లులు లేవని జవాబొచ్చింది. అన్నేళ్ళలో ఒక్క బల్బూ మార్చలేదంటే, ఒకటి, అవి పోయి పడున్నాయి. లేదా, పోయేంతగా ఎవరూ వాడలేదు. ఏదైనా వార్తే.

అచ్చయిన వారంలోనే ఆ కాలేజీకి బల్బు వచ్చింది. తర్వాత మిగతా కాలేజీల నుంచి ఫోన్లు: "మేడమ్, మా గురించి కూడా రాయండి, మాకూ బల్బు వస్తుంది!"

అమెరికాలో ఈ విషయం మీదే పనిచేసే జర్నలిస్టులు ఉంటారని విన్నాను. వాళ్ళు మనకంటే బాగా రాస్తారా?
– ఒక పాఠకుడు, డాలస్

ఉంటారండి. అక్కడ ఉన్నత విద్య కోసమే పత్రికలున్నాయి. క్రానికల్ ఆఫ్ హయ్యర్ ఎడ్యుకేషన్ 1966లో మొదలైంది. ఇన్‌సైడ్ హయ్యర్ ఎడ్ 2004లో, చదువుల టెక్నాలజీ కోసమే ఎడ్‌సర్జ్ 2011లో వచ్చాయి. వాటిలో టెక్నాలజీకి విడిగా మనుషులుంటారు. ఒకే మనిషి ఏళ్ళ తరబడి ఒకే విషయం మీద తిరుగుతాడు. నాకు అసూయ కలిగించేది అదొక్కటే. తెలివిలో మనవాళ్ళు తీసిపోరు. మనకు లేనిది వెనక్కి వెళ్ళి చూసే తీరిక.

ఒక్క ఉదాహరణ చెబుతాను. 2011లో స్టాన్‌ఫర్డ్‌లో సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ కలిసి కృత్రిమ మేధ కోర్సును ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు. 1,60,000 మంది పేరు నమోదు చేసుకున్నారు. ఆ ఊపులో 2012లో థ్రన్ యుడాసిటీ పెట్టాడు, ఆండ్రూ ఎన్‌జీ, డాఫ్నీ కోలర్ కోర్సెరా పెట్టారు, హార్వర్డ్, ఎంఐటీ చెరో 3 కోట్ల డాలర్లు వేసుకుని ఎడ్‌ఎక్స్ పెట్టాయి. న్యూయార్క్ టైమ్స్ ఏకంగా ఆ ఏడాదికి మూక్‌ల (వేలమంది ఒకేసారి చేరగల ఆన్‌లైన్ కోర్సుల) సంవత్సరమని పేరు పెట్టేసింది. ఇక కాలేజీలకు తాళాలే అన్నట్టుగా రాశారు జనం.

2013 జనవరిలో కాలిఫోర్నియా గవర్నర్ జెర్రీ బ్రౌన్ పక్కన నిలబడి, శాన్‌హొసే స్టేట్ యూనివర్సిటీలో కోర్సుకి 150 డాలర్లతో యుడాసిటీ పాఠాలు మొదలుపెడుతున్నట్టు థ్రన్, యూనివర్సిటీ పెద్దలు ప్రకటించారు. అదీ ప్రారంభోత్సవం. ప్రపంచమంతా వార్త. ఏప్రిల్ చివర్లో అదే యూనివర్సిటీ తత్వశాస్త్ర అధ్యాపకులు, ఎడ్‌ఎక్స్‌లోని హార్వర్డ్ ప్రొఫెసర్ మైకేల్ శాండెల్ వీడియో పాఠాలు మా క్లాసులో వాడబోమంటూ ఆయనకే బహిరంగ లేఖ రాశారు. జూలైకల్లా, ఉత్తీర్ణత బాగా తక్కువగా ఉండటంతో యూనివర్సిటీ యుడాసిటీ కోర్సులకు విరామం ఇచ్చింది. చేరినవాళ్ళలో అసలు లెక్కల్లో వెనకబడిన పిల్లలు, హైస్కూలు పిల్లలు కూడా ఉన్నారు. స్టాన్‌ఫర్డ్ పాఠాన్ని సరదాకి చూసిన ఇంజనీర్లకీ వీళ్ళకీ పోలికెక్కడ? ఆ ఏడాది చివరికి, తాము అందిస్తున్నది నాసిరకం సరుకని థ్రన్ తనే ఒక పత్రికకు ఒప్పుకున్నాడు. తర్వాత 2021లో ఎడ్‌ఎక్స్‌ను 2యూ అనే కంపెనీ 80 కోట్ల డాలర్లకు కొంది. 2024 జూలైలో ఆ 2యూ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. అదే ఏడాది యుడాసిటీని యాక్సెంచర్ కొనేసింది.

2013 జనవరి వార్త రాయడానికి పత్రికా ప్రకటన చాలు. జూలై వార్తకి యూనివర్సిటీ లోపల నీకు ఫోన్ ఎత్తే మనిషి ఉండాలి. 2024 వార్తకి ఆ విషయం వదలకుండా పదేళ్ళు కూర్చోవాలి. ఆ కుర్చీ వాళ్ళకుంది.

మనవైపు చూస్తే, మూక్ అనే మాట ఇంకా పుట్టకముందే, 2003లోనే ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి ఎన్‌పీటెల్ అనే వీడియో పాఠాల పథకం మొదలుపెట్టాయి. కెమెరా ముందు ప్రొఫెసరు, వెనకాల బ్లాక్‌బోర్డు. ఏ హంగూ లేదు. మన చిన్న ఊళ్ళ ఇంజనీరింగ్ పిల్లలు వాటిని హాస్టల్లో డౌన్‌లోడ్ చేసుకుని గేట్ పరీక్షకు చదివారు. దాని గురించి తెలుగులో ఎవరు రాశారు? 2014 నుంచి సర్టిఫికెట్ కోర్సులొచ్చాయి. 2017 జూలై 9న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ స్వయం అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదికను ప్రారంభించారు. 2021లో ఒక సెమిస్టర్ క్రెడిట్లలో 40 శాతం దాకా ఆన్‌లైన్ కోర్సుల నుంచి తీసుకోవచ్చని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) అనుమతించింది. అప్పట్నించీ కాలేజీలు "మా పిల్లలు ఇన్ని వేలమంది చేరారు" అని ఫ్లెక్సీలు కడుతున్నాయి. ఎన్‌పీటెల్‌లో చేరడం ఉచితం, పరీక్షకు ఫీజు ఉంటుంది, కేంద్రానికి వెళ్ళి రాయాలి. కాబట్టి ఎంతమంది చేరారన్నది వదిలేసి, ఎంతమంది ఫీజు కట్టి పరీక్ష రాశారో అడగాలి. ఫ్లెక్సీ ఒక్కసారిగా చిన్నదైపోతుంది.

అమ్మా, మా అబ్బాయి ఒక యాప్ కంపెనీ వాళ్ళ మాట విని "ఆన్‌లైన్ డిగ్రీ"లో చేరాడు. ఫీజు నెలనెలా వాయిదాల్లో కట్టాలట. ఆ డిగ్రీ చెల్లుతుందా?
– ఒక తండ్రి, కామారెడ్డి

అయ్యా, ముందు డిగ్రీ ఎవరు ఇస్తున్నారో చూడండి. యాప్ కంపెనీకి డిగ్రీ ఇచ్చే హక్కు లేదు. యూనివర్సిటీయే ఇవ్వాలి. ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకి, మీ అబ్బాయి చేరిన ఆ విద్యా సంవత్సరానికి యూజీసీ దూరవిద్య బ్యూరో అనుమతి ఉండాలి. మూడూ సరిపోవాలి. బ్యూరో సైటులో జాబితా ఉంది, నెట్ తెలిసినవాళ్ళెవర్ని అడిగినా తీసి చూపిస్తారు. మీ అబ్బాయిని కొత్తగా డెబ్ (అదే దూరవిద్య బ్యూరో) ఐడీ తీసుకోమన్నారా అని కూడా అడగండి. 2024 నుంచి ఆన్‌లైన్, దూరవిద్య ప్రవేశాలకు అది తప్పనిసరి చేశారు. దాని ఊసే ఎత్తలేదంటే అనుమానించాల్సిందే.

యూనివర్సిటీలు తమ డిగ్రీలను ఫ్రాంచైజీ పద్ధతిలో ఎడ్‌టెక్ కంపెనీల చేత నడిపించకూడదని యూజీసీ, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ 2022 జనవరిలోనే హెచ్చరించాయి. ఆన్‌లైన్ పీహెచ్‌డీలు చెల్లవని అదే ఏడాది మళ్ళీ చెప్పాయి. ఇవన్నీ లోపలి పేజీల్లో సింగిల్ కాలమ్ వార్తలుగా వచ్చాయి. అదే రోజుల్లో యాప్‌ల ప్రకటనలు మొదటి పేజీ నిండా ఉండేవి. మీకు హెచ్చరిక కనపడకపోవడంలో మీ తప్పేం లేదు.

ఆన్‌లైన్ అన్నవన్నీ మోసమని అనుకోకండి. 2020లో ఐఐటీ మద్రాస్ ప్రోగ్రామింగ్, డేటా సైన్స్‌లో ఆన్‌లైన్ డిగ్రీ మొదలుపెట్టింది. పాఠాలు ఇంట్లో వినొచ్చు, పరీక్షలు మాత్రం కేంద్రానికి వెళ్ళి మనుషుల కళ్ళముందు రాయాలి. "ఇంట్లోనే పరీక్ష, గ్యారంటీ పాస్" అన్నారంటే ఒక దండం పెట్టి బయటికి రండి.

ఇంకొకటి, ఇదే ముఖ్యం. వాయిదాలంటే చాలాసార్లు అది అప్పు. యాప్ వాళ్ళు ఫీజు మొత్తం ఫైనాన్స్ కంపెనీ నుంచి ముందే తీసేసుకుంటారు, మీరు కట్టేది ఫైనాన్స్ కంపెనీకి. కోర్సు మానేసినా వాయిదా ఆగదు. సంతకం పెట్టిన కాగితం తెప్పించుకుని, అప్పిచ్చింది ఎవరో చదివించుకోండి. రద్దు గడువు దాటకపోతే ఈ రోజే ఈమెయిల్ పెట్టించండి, ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు.

పేపర్ లీకులు ఆపడానికే పరీక్షలు ఆన్‌లైన్ చేశామన్నారు. ఇప్పుడు లీకులు లేవా?
– ఇంటర్ అధ్యాపకుడు, ఒంగోలు

చోటు మారింది మాస్టారూ. 2016లో తెలంగాణ ఎంసెట్-2 మెడికల్ పేపరు లీకై, పరీక్ష రద్దయి, పిల్లలు సెప్టెంబరులో మూడోసారి రాశారు. అది ఢిల్లీలో పేపరు అచ్చయిన ప్రెస్ దగ్గర జరిగిన లీకు. 2018 నుంచి తెలంగాణ ఎంసెట్ కంప్యూటర్ మీదికి వెళ్ళింది. ప్రెస్సూ లారీ పోయాయి కాబట్టి దొంగకి ఆ దారి మూసుకుపోయింది. 2021 జేఈఈ మెయిన్‌లో ఏం చేశారు? పరీక్ష కేంద్రంలోని కంప్యూటర్‌ను ఇంకెక్కడో కూర్చుని నడిపించారు. పరీక్ష సాఫ్ట్‌వేర్‌ను హ్యాక్ చేశాడన్న ఆరోపణపై ఒక రష్యన్‌ను 2022లో సీబీఐ ఢిల్లీ విమానాశ్రయంలో పట్టుకుంది. రిపోర్టరు కూడా ప్రెస్ దగ్గర్నించి కంప్యూటర్ ల్యాబు దగ్గరికి మకాం మార్చాలి. ఆ ల్యాబు ఎవరిది, పరీక్ష లేని రోజుల్లో అక్కడ ఏం జరుగుతుంది, మెషీన్లు ఎవరు సిద్ధం చేస్తారు?

ఒక్క మాట. 2019 తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో 99 మార్కులు రావాల్సిన అమ్మాయికి సున్నా పడింది. దిద్దినవాళ్ళు ఓఎంఆర్ షీటులో గుండ్రాలు తప్పు నింపారు. హ్యాకరూ లేడు, రష్యనూ లేడు. అలసిపోయిన ఒక చెయ్యి, దాన్ని సరిచూడని ఇంకో చెయ్యి. ఆ ఏడాది ఎన్ని ఇళ్ళు ఏడ్చాయో మీకు తెలుసు. అందుకే సాఫ్ట్‌వేర్ ఎంత గొప్పదో చెప్పే అధికారిని నేను ఎక్కువసేపు మాట్లాడనివ్వను, అందులోకి అంకెలు ఎక్కించేది ఎవరని అడుగుతాను.

నేను ఇక్కడ ఎంఎస్ చేస్తున్నాను. నా వ్యాసం ఏఐ రాసిందని సాఫ్ట్‌వేర్ చెప్పిందట, ప్రొఫెసర్ నోటీసు ఇచ్చారు. నేను సొంతంగా రాశాను ఆంటీ. ఏం చెయ్యాలి?
– ఒక విద్యార్థిని, మిస్సోరీ

కంగారు పడకమ్మా, ముందు ఆధారాలు సర్దుకో. గూగుల్ డాక్స్‌లో రాసివుంటే ఏ రోజు ఏ వాక్యం రాశావో చరిత్ర మొత్తం ఉంటుంది. నోట్సు, చదివిన పేపర్లు, స్నేహితులకు పంపిన చిత్తు ప్రతులు, అన్నీ తేదీల వరుసలో పెట్టు. నోటీసుకి గడువులోపు రాతపూర్వకంగా జవాబివ్వు, మీటింగు అడుగు. ఏడుస్తూ ఈమెయిల్ రాయొద్దు, రాసినా రాత్రికి పంపొద్దు.

వాదించడానికి నీకు పనికొచ్చే సంగతులు మూడున్నాయి. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐయే, ఏఐ రాతను పట్టుకునే తన పరికరాన్ని కచ్చితత్వం తక్కువని చెప్పి 2023 జూలైలో తీసేసింది. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ 2023 ఆగస్టులో కాపీలు పట్టే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్‌లోని ఏఐ గుర్తింపును ఆపేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు పరికరాలను పరీక్షించారు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ళు స్వయంగా రాసిన టోఫెల్ వ్యాసాల్లో సగటున సగానికి పైగా ఏఐ రాసినవేనని అవి చెప్పాయి. మనం బడిలో నేర్చుకున్న పొందికైన, జాగ్రత్తైన ఇంగ్లిష్‌ని మెషీను చూసి మెషీను రాసిందనుకుంటోంది!

ఇక్కడ పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలూ ఇదే అడుగుతున్నారు కాబట్టి రెండు ముక్కలు: యూజీసీ 2018 నిబంధనల్లో ఉన్నది పోలిక శాతం. 10 శాతం దాకా శిక్ష లేదు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అది కాపీకి సంబంధించిన లెక్క. "ఏఐ శాతం" అని మీ గైడు చూపించే అంకె వేరు. ఆ రెండింటినీ ఒక గాటన కట్టి సంతకం పెట్టమంటే, ఏ నిబంధన ప్రకారమో రాసివ్వమని మర్యాదగా అడగండి.

మీ పత్రికలే ప్రకటనల కోసం కాలేజీలను ఆకాశానికెత్తుతాయి. మళ్ళీ మాకు నీతులా?
– ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్, హైదరాబాద్

ఎత్తుతాయి. కౌన్సెలింగ్ సీజన్లో పేపరు తిప్పితే ఆ సంగతి ఎవరికైనా తెలుస్తుంది. ప్రకటన ఇచ్చిన కాలేజీ గురించి నేను తెచ్చిన వార్త చిన్నదై, వెనక్కి జరిగి, ఆఖరికి "ఓ ప్రైవేటు కళాశాల"గా మారడం కళ్ళారా చూశాను. దాచను. అయినా ఏదో ఒక సందు దొరుకుతుంది: ఏడు కాలేజీలను కలిపి రాస్తే ఒక్క కాలేజీకి కోపం వచ్చినా ఆపలేరు. మీరు లోపలున్నారు కదా సార్, మీ కాలేజీ బయోమెట్రిక్ హాజరులో ఎవరి వేలు ఎవరు పెడుతున్నారో నాకు రాయండి. పేరు బయటపెట్టను.

నేను ఒక యూనివర్సిటీ వార్తలు చూసే రిపోర్టర్‌ని. పీఆర్వో వాట్సాప్ గ్రూపులో పెట్టిన ప్రెస్‌నోట్ తప్ప ఇంకేం దొరకడం లేదక్కా. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక విలేకరి, నల్గొండ

గ్రూపులోంచి బయటికి రావద్దు, అందులో తేదీలుంటాయి. కానీ ఆ ప్రెస్‌నోట్లు మామూలుగా చదవడం మానేసి, రెండేళ్ళ కిందటివి పైకి జరిపి చదువు. "త్వరలో", "దేశంలోనే తొలిసారి", "ఒప్పందం కుదిరింది" అని ఉన్నవాటికి జాబితా రాసుకో. రోజుకొకటి తీసుకుని వెళ్ళి చూడు. ఇంక్యుబేషన్ సెంటర్ అన్నది ఇప్పుడు స్టోర్ రూమ్ అయిందా? ఒప్పందం కుదిరిన కంపెనీ మనిషి ఆ ఫొటో తర్వాత మళ్ళీ వచ్చాడా?

పీఆర్వో అవసరం లేకుండా దొరికే కాగితాలు చాలా ఉన్నాయి. ఏఐసీటీఈ అనుమతి ఉన్న ప్రతి కాలేజీ తన సైటులో మాండేటరీ డిస్‌క్లోజర్ పెట్టాలి. అధ్యాపకులు, ల్యాబులు, కంప్యూటర్లు, ఫీజులు అన్నీ అందులో ఉండాలి. కేంద్రం ఇచ్చే ర్యాంకుల కోసం ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కి పంపిన డేటా పీడీఎఫ్ ఉంటుంది. కాలేజీల నాణ్యత చూసే న్యాక్‌కి ఇచ్చిన స్వీయ నివేదిక ఉంటుంది. ఒకే కాలేజీ మూడు చోట్ల మూడు రకాల అధ్యాపకుల సంఖ్య చెబుతుంది, చూసుకో. దొరికినవాటిని వెంటనే దించుకుని, ఫైలు పేరులో తేదీ రాసి దాచు. వార్త వచ్చిన మర్నాడు సైటులో కాగితం మారిపోతుంది.

మనుషుల్లో ఎగ్జామ్ బ్రాంచి జూనియర్ అసిస్టెంట్లు, ల్యాబు టెక్నీషియన్లు, కాంట్రాక్టు లెక్చరర్లు. వాళ్ళని పని పడ్డప్పుడే పలకరిస్తే పలకరు. టీ తాగడానికి వెళ్ళు, ఊరికే వెళ్ళు.

సమాచార హక్కు దరఖాస్తులో అభిప్రాయాలు అడక్కు, కాగితాలు అడుగు. ఒప్పందం నకలు, చెల్లింపు బిల్లులు, లాగ్‌బుక్ పేజీలు. యూనివర్సిటీకైతే ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేసెయ్. చాలామంది అక్కడ వదిలేస్తారు. మొదటి అప్పీలుకు ఫీజు లేదు.